నమూనా లేని దుప్పటి

ఒక కొక్కెపుసూదియు, కొన్ని దారపుటుండలును చేతబూని, ఎదుట ఏ నమూనాకాగితమును ఉంచుకొనక, అల్లిక ఏ దిక్కునకు సాగి ఎచ్చట ముగియునో ముందుగా నిర్ణయింపక, ఒక మనిషి నిండుగా కప్పుకొనుటకు చాలినంత దుప్పటిని అల్లుట సాధ్యమా, సాధ్యమైనచో అది చేతిపనియా, చిత్రకళయా, లేక మిగిలిన దారమును వృథాపోనీయని ఇల్లాలి పొదుపా అను ప్రశ్న పైకి చిన్నదిగా కన్పట్టును. దానిని విడదీయబూనినపుడు మాత్రము అందులోనుండి కూలి, కళ, గణితము, వర్తకము అను పోగులన్నియు ఒకదానివెంట నొకటి బయటపడును. పాశ్చాత్యదేశములలో ఈ విధమైన అల్లికను ఫ్రీఫామ్ క్రోషే అని వ్యవహరించుచున్నారు. ఈ పేరు మనకు కొత్తదేగాని ఈ పనిలో సగము మనకు కొత్తది కాదు. ఆ సగమెట్టిదో చూపి, తక్కిన సగము మన అల్లికగత్తెల చేతికి ఏల చిక్కలేదో విచారింపవలసియున్నది.

ఈ విచారణకు మేడారమునుండి బయలుదేరుట కొందఱికి వింతగా తోపవచ్చును. ఇప్పుడు ములుగు జిల్లా తాడ్వాయి మండలములో చేరి, 2016 వఱకు వరంగల్లు జిల్లాలో నుండిన ఈ అడవిపల్లె అల్లికకు పేరుగన్నది కాదు. దాని ప్రసిద్ధియంతయు రెండేండ్లకొకమాఱు మాఘమాసమున జరుగు సమ్మక్క సారలమ్మల జాతరవలన వచ్చినది. చిలుకలగుట్టనుండి కుంకుమభరిణె రూపమున సమ్మక్కయు, కన్నెపల్లినుండి సారలమ్మయు గద్దెలకు చేరు ఆ దినములలో, జంపన్నవాగున మునిగి, తమ యెత్తు బెల్లమును బంగారమని పేర్కొని సమర్పించు జనసమూహము చెట్లక్రిందను, గుడారములలోను, బండ్లనీడనుబట్టియు రాత్రులు వెళ్లబుచ్చును. అడవిచలి ఎఱిగినవారికి దుప్పటి గోడకు వ్రేలాడదీయు అలంకారము కాదు. కప్పుకొనినపుడు చలి ఆపని వస్త్రమును, అది ఎంత రమ్యమైనదైనను, ఇచ్చట ఎవ్వరును దుప్పటిగా లెక్కింపరు. ఫ్రీఫామ్ దుప్పటిని గూర్చి చేయు ప్రశంసలలో పెక్కు ఈ మొదటి పరీక్షను తప్పించుకొని పోవుచుండుటచేతనే నేను దానిని ఇచ్చటికి తెచ్చి నిలుపుచున్నాను.

తెలంగాణములో చలికి మొదటి సమాధానము గొంగడి. దక్కని గొఱ్ఱెల నల్లని ఉన్నిని వడికి, పడుగునకు చింతగింజల గంజి పట్టించి, కురుమలు నేయు ఈ వస్త్రము వానను నిలుపును, ఎండను ఆపును, కాపరి భుజమున ముడివడి సంచియు నగును. కాని గొంగడి మగ్గపు బిడ్డ. మగ్గమునకు పడుగు, పేక అను రెండు దిక్కులు తప్ప మూడవది తెలియదు. రెండవ సమాధానము బొంత. నేసి నలిగిన పాతచీరలను పొరలుగా పఱచి, చినిగినచోట చేతికందిన గుడ్డముక్కను వేసి, వరుసకుట్టుతో అంచునుండి నడిమికి కుట్టుకొనిపోవు ఆ పనిలో, ముక్క ఏ యాకారమున దొరికినదో ఆ యాకారమే తరువాతి ముక్కకు చోటు నిర్ణయించును. ఎఱ్ఱచీర కొంగు ముగిసినచోట పచ్చరవికె ముక్క ఏల వచ్చినదని అడిగినచో, అదియే మిగిలియుండెనని ఇంటి పెద్దామె బదులుచెప్పును; ఆ బదులులో కళాశాస్త్రము లేకున్నను, కన్నువేసిన యెన్నిక లేదని మాత్రము చెప్పజాలము. ఆ ప్రాంతపు లంబాడీ తండాలలో అద్దములు, గవ్వలు, రంగుగుడ్డలు కూర్చి కుట్టు పనియు ఈ కోవలోనిదే. కోయలలోనైతే, డోలివారు వంశకథలను గానము చేయునపుడు విప్పి చూపు త్రికోణాకారపు పడిగెలు గలవు. వానిపై బొమ్మలు ఏ క్రమమున నిలువవలెనో కథయే శాసించును. సమ్మక్క కథను ఆ విధముగ గానము చేయుచు వచ్చిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించుటచే ఆ సంప్రదాయము కొంత లోకమునకు తెలిసినది. పడిగె దుప్పటి కాదు, బొంత అల్లిక కాదు. అయినను, కొలతబద్దతో నిమిత్తము లేక, కథవలననో చేయుచున్నవారి యెన్నికవలననో రూపము కట్టు వస్త్రము ఈ నేలకు అపరిచితము కాదనుటకు ఈ రెండును చాలును. ఫ్రీఫామ్ దుప్పటికి మన యిండ్లలో దగ్గఱి చుట్టము బల్లమీది లేసుగుడ్డ యని పలువురు తలంతురు. నా దృష్టిలో ఆ చుట్టఱికము బొంతకే చెల్లును.

ఇక లేసుగుడ్డ సంగతి. మేడారపు అడవులు దాటి గోదావరి ఒడ్డు చేరి, నది వెంబడి దిగిపోయినచో, భద్రాచలమునకు ఎగువన ఆవలి గట్టున దుమ్ముగూడెము తగులును. ఆర్థర్ కాటన్ తలపెట్టిన నౌకాయానపు పనులకై అచ్చట నిలిచిన హెయిగ్ అను ఇంజనీరు ప్రేరణచే పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కోయలకై ఒక క్రైస్తవ మిషను ఏర్పడెను. తరువాత జాన్ కెయిన్ అను పాదరి, ఆయన భార్య అచ్చట నున్న కాలమున స్త్రీలకు లేసుపని నేర్పుట జరిగినది. కోయల దేశమున లేసుదారము అడుగిడిన చోటు అది. నది ఇంకను దిగి సముద్రము చేరబోవుచోట నరసాపురము, పాలకొల్లు ప్రాంతమునకు స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతులు అదే శతాబ్ది మధ్యభాగమున ఈ విద్యను తెచ్చిరని ప్రతీతి. మొదట కొత్తగా క్రైస్తవము పుచ్చుకొనిన మాల, మాదిగ కుటుంబముల స్త్రీలకు పొట్టకూటి యాధారముగా నేర్పబడిన పని, ఎగుమతివర్తకులు పుట్టుకొని వచ్చిన కొలదిని, గడపదాటుట గౌరవభంగమని తలచెడి కాపుకుటుంబముల స్త్రీలవఱకును వ్యాపించెను. ఎగువన మిషనుతోపాటు క్షీణించినది, దిగువన మహాపరిశ్రమయై నిలిచినది.

ఈ పరిశ్రమను గూర్చిన విచారణలలో అన్నిటికంటె లోతైనది జర్మను సాంఘికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ చేసినది. అంతర్జాతీయ కార్మికసంస్థ పక్షమున 1978-79 ప్రాంతమున ఆమె నరసాపురపు పల్లెలలో పరిశోధించి, 1982లో గ్రంథము వెలువరించినది. దినమెల్ల సూది కదల్చినను అల్లికగత్తెకు దక్కు కూలి రూపాయికి లోబడియే యుండెనని ఆమె చూపినది. అంతకన్న ముఖ్యముగ, ఆ కూలి అంత తక్కువయగుటకు కారణము ఆ పనిని పనిగా ఎవ్వరును ఎంచకపోవుట యని నిరూపించినది. ఇంట కూర్చుండి తీరికవేళ చేయు కాలక్షేపమని షావుకారు చెప్పును, మగడు చెప్పును, తుదకు అల్లికగత్తెయు చెప్పును. ఆ తీరిక వంటకును నిద్రకును నడుమ దొంగిలించిన ఆఱేడు గంటలైనను సరే. మీస్ వాదములోని సిద్ధాంతభాగముతో అన్నియెడల ఏకీభవింపనివారును ఈ దృశ్యమును కాదనజాలరు.

మన ప్రశ్నకు కావలసినది ఆ పుస్తకములో మఱియొకచోట నున్నది. నరసాపురపు లేసు ఒక చేత పూర్తియగునది కాదు. ఏజంటు దారమును, నమూనాను ఇచ్చును. ఒకతె పువ్వులను మాత్రమే అల్లును, దానిని చేతిపని యందురు. మఱియొకతె ఆ పువ్వులను గుడ్డగా జతపఱచును, అది అతుకుపని. పువ్వు అల్లినయామె తన పువ్వు ఏ దేశపు భోజనపుబల్లమీద ఏ మూలకు పోయినదో ఎఱుగదు. అతికినయామె పువ్వును మార్చజాలదు. చేతినైపుణ్యము ఇరువురిదియు, రూపకల్పన ఇరువురిదియు కాదు. ముప్పది యేండ్లు అల్లినవారి వ్రేళ్లకు తెలియని కుట్టు ఉండదు; కాని ఏ కుట్టు తరువాత ఏ కుట్టు రావలెనను నిర్ణయము మాత్రము ఆ వ్రేళ్లకు ఎన్నడును ఒప్పగింపబడలేదు.

ఇప్పుడు ఫ్రీఫామ్ అల్లిక పుట్టుపూర్వములను పరిశీలించినచో ఒక వైపరీత్యము ఎదురగును. దాని పూర్వరూపము ఐర్లండు దేశపు క్రోషే. 1845లో మొదలైన బంగాళాదుంపల కాటకమున ఆకలితో అలమటించిన కుటుంబములకు కార్క్ మొదలగు ప్రాంతములలో సన్న్యాసినీమఠములును, క్లోన్స్ పట్టణమున ఒక పాదరి భార్యయు ఈ పనిని జీవనోపాయముగ నేర్పిరి. గులాబి, ఆకు, ద్రాక్షగుత్తి మున్నగు తునుకలను లావుదారముమీద విడివిడిగా అల్లి, వానిని గుడ్డమీద తలక్రిందుగా అమర్చి కుట్టి, నడిమి ఖాళీలను వలవంటి అల్లికతో పూరించి, పిదప క్రిందిగుడ్డను ఊడదీయుట ఆ పద్ధతి. అచ్చటను ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క పువ్వునకు అలవాటుపడియుండెను. కూర్చుట వేఱొకరి వంతు. అనగా ఐర్లండు, నరసాపురము ఒకే విధమైన పేదఱికమునుండి ఒకే విధమైన శ్రమవిభజనను పొందినవి. ఆ శ్రమవిభజనలోని చేతిపనిని, అతుకుపనిని తిరిగి ఒకేచేతికి ఇచ్చివేసినపుడు వచ్చినదే ఫ్రీఫామ్. ఇంగ్లండులో జేమ్స్ వాల్టర్స్, సిల్వియా కాష్ అను ఇరువురు గత శతాబ్ది ఉత్తరార్ధమున దీనిని బోధనాంశముగ మలచిరి. వాల్టర్స్ వ్రాసిన క్రోషే వర్క్‌షాప్ 1979లో వెలువడినది. చిన్నచిన్న తునుకలను తోచిన రీతిని పెంచి, వానిని స్క్రంబుల్ అని పిలిచి, ఒకదానికొకటి చేర్చుకొనిపోవుట వారి మార్గము. ఈ మార్గమునకు స్వేచ్ఛ అని పేరుపెట్టి మురియువారు దాని మూలము కాటకపుకూలిలో నున్నదని సాధారణముగ జ్ఞాపకము చేసికొనరు.

స్వేచ్ఛ యనగానే నియమరాహిత్యమని భ్రమపడుట ఈ విషయమున మిక్కిలి ప్రబలిన దోషము. నమూనా లేనపుడు నియమము కాగితమునుండి చేతిలోనికి దిగును, అంతే భేదము. గుండ్రముగా అల్లుట ప్రారంభించినవారు పొట్టికుట్టులు ఆఱింటితో మొదలిడినచో వరుసకు ఆఱేసి చొప్పునను, పొడుగుకుట్టులైనచో సుమారు పండ్రెండేసి చొప్పునను పెంచుకొనిపోవలయును. అంతకు తగ్గినచో అల్లిక గిన్నెవలె ముడుచుకొనును, మించినచో అంచు కుచ్చిళ్లు పోవును. కోర్నెల్ విశ్వవిద్యాలయమున డైనా తైమినా అను గణితజ్ఞురాలు 1997లో ఈ మించుటనే శాస్త్రముగ గ్రహించి, అతిపరావలయతలమును చేతపట్టి చూపదగు నమూనాగ అల్లినది; కాగితముతో చేసిన నమూనాలు చినిగిపోవుచుండగా దారపునమూనా నిలిచినది. దానినిబట్టి మార్గరెట్, క్రిస్టీన్ వర్‌థైమ్ అను అక్కచెల్లెండ్రు 2005లో క్రోషే పగడపుదిబ్బను ఆరంభించిరి. నానాదేశములనుండి వేలకొలది చేతులు అందు చేరినవి. ప్రదర్శనశాలలో కుచ్చిళ్లు మనోహరములు. దుప్పటిలో అవి శత్రువులు: ఒక చోట పొంగినది మఱియొక చోట ఈడ్చును, ఈడ్చినచోట చిల్లు తెఱచుకొనును, చిల్లునుండి చలి దూరును.

కావున దుప్పటి తలపెట్టినవారు మొదట చేయవలసినది అల్లుట కాదు, పఱచుట. కావలసిన కొలతకు ఒక పాతదుప్పటిని నేలమీద పఱచి, దానినే హద్దుగా పెట్టుకొని, అల్లిన తునుకలను దానిపై నుంచి, గుండుసూదులతో నిలిపి, ఒకటి రెండు దినములు ఊరక చూడవలయును. రంగుల పొందిక సూది కదలుచున్నపుడు కన్నులకు తెలియదు. నిలుచుండి దూరమునుండి చూచినపుడే తెలియును. పిదప రెండు తునుకల నడిమి ఖాళీ ఎట్టిదో గమనింపవలెను. లోపలికి చొచ్చిన మూలయందు కుట్టులు తగ్గించుచు, బయటికి పొడుచుకొనివచ్చిన మలుపునందు పెంచుచు, పల్లమున పొడుగుకుట్టును, మిట్టన జారుకుట్టును వేయుచు పోయినచో ఎంతటి వంకరయంచైనను క్రమముగ సమతలమునకు వచ్చును. ఈ యొక్క ఉపాయము చేతికి వచ్చినవారికి ఫ్రీఫామ్ అల్లికలో ముప్పాతిక వచ్చినట్లే. ఖాళీని పూరించుటకు కొత్త తునుకను విడిగా అల్లి దూర్చుట కంటె, ఉన్న యంచునుండి కుట్టులను తీసికొని దిక్కు మార్చి అల్లుకొనిపోవుట మేలని నా మతము. అతుకులు తగ్గును, దుప్పటి క్రిందివైపు గఱకుతేలదు. రంగు మార్చిన ప్రతిచోటను దారపుకొస మిగులును. ఆ కొసలను ఎప్పటికప్పుడు అల్లికలో కప్పివేయక చివరకు చూచుకొందమని దాటవేసినవారు, దుప్పటి ముగిసినదని సంతోషించిన దినముననే మఱియొక నెలపని మొదలుపెట్టుకొందురు.

దారము విషయమున ప్రచారములోనున్న ఉపదేశము అన్నిటినీ కలుపుడనుట: నూలు, ఉన్ని, పట్టు, కృత్రిమపుదారము, లావు, సన్నము. గోడకు వ్రేలాడు చిత్రమునకు ఈ ఉపదేశము చెల్లును. ఉతుకవలసిన వస్త్రమునకు ఇది అపాయకరము, ఏలయనగా ఉన్ని వేడినీట కుదించుకొనునపుడు ప్రక్కనున్న కృత్రిమపుదారము కదలక నిలుచును, వానినడుమ అతుకు ముడుతలు పడును. రంగు దిగు ఎఱ్ఱనూలు ఒక్క తడుపులో చుట్టుపట్లనున్న తెలుపును పాడుచేయును. వరంగల్లు వంటి ఎండదేశమున ఏడాదిలో ఎక్కువ నెలలు వాడుటకు నూలే తగినది. కాని నూలు బరువు, తడిసినపుడు మఱింత బరువు, తీగెమీద ఆరవేసినచో సాగును. దానిని నీడపట్టున చాపమీద పఱచి ఆరవేయవలయును. మాఘపు అడవిచలికైతే బజారులో ఊలు అని అమ్ము కృత్రిమపుదారము తేలికయు, చవుకయు. నిప్పుసెగకు మాత్రము దూరముగ నుంచవలెను, జాతరలో పొయ్యిప్రక్కనే పండుకొనువారికి ఇది చెప్పవలసిన మాట. దక్కని ఉన్నితో కొక్కెపుసూదిమీద అల్లుటయు ఆలోచింపదగినదే. అది ఒరుసుకొనును గావున ఒంటికి తగులుచోట కాక, అంచులందును, నడుమ లావుపట్టీలుగాను చేర్చినచో గొంగడి గుణము కొంత దుప్పటికి వచ్చును.

సామూహికముగ చేయు దుప్పట్ల మాట వేఱు. 2016 జనవరి 31న చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అను బృందమువారు 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటిని పఱచి గిన్నిస్ పుస్తకమున చేరిరి. దేశమున పలుచోట్లనుండి స్త్రీలు అల్లి పంపిన చతురస్రములను కూర్చిన పని అది. ఒకరినొకరు చూడని వేలమంది పని ఒకటిగా అతుకుకొనవలెననిన కొలత ముందుగా నిర్ణయింపక తప్పదు. కావున అది ఫ్రీఫామ్ అల్లికకు పూర్తిగా ఎదురుకొన. అయినను దానిని తక్కువచేయుటకు నాకు మనసొప్పదు: అందులో అల్లినయామెకు తన చతురస్రము ఎచ్చటికి పోవుచున్నదో తెలియును, దానిపై ఏ పువ్వు ఉండవలెనో తానే నిర్ణయించును. నరసాపురపు పువ్వునకు లేని హక్కు అది. ఫ్రీఫామ్‌ను గుంపుగా అల్లదలచినవారు మాత్రము సంఖ్యను చిన్నదిగా ఉంచుకొని, ఒకేచోట కూర్చుండి, పఱచిన పాతదుప్పటి చుట్టు చేరి చేయుటయే ఉపాయము. తపాలాలో పంపిన తునుకలు కలియవు.

వర్తకమునకు వచ్చినచో ప్రశ్న గడుసుబాఱును. ఈ శతాబ్ది తొలి దశకమున నరసాపురము చెంత రుస్తుంబాదలో లేసుపార్కు ఏర్పడినది. 2024లో నరసాపురపు క్రోషే లేసుకు భౌగోళికగుర్తింపు లభించినది. ఇవి శుభములే. కాని ఆ గుర్తింపు ఊరిపేరును కాపాడును, రూపకల్పన చేసినవారి పేరును కాపాడజాలదు. ఎగుమతివర్తకుడు కోరునది మొదటి దుప్పటిని పోలిన అయిదువందల దుప్పట్లు, ఫ్రీఫామ్ ఇయ్యలేనిది సరిగా అదియే. ఒకే అల్లికగత్తె తన దుప్పటిని తానే మఱల అల్లజూచినను అది వేఱొకటియై తీరును. యంత్రముతో దీనికి పోటీ లేదను ఆశాజనకమైన మాటయు వినబడుచుండును; క్రోషేను యథాతథముగ అల్లు యంత్రము ఇంతవఱకు వాడుకలోనికి రాలేదనుట నిజమే గాని, యంత్రము లేనంతమాత్రమున చేతికి వెలవచ్చునని నరసాపురపు నూటయేబది యేండ్ల చరిత్ర చెప్పుటలేదు. నాకు తోచినంతలో ఈ దుప్పటి రెండు విధములుగా మాత్రమే అమ్ముడుపోగలదు: ఒకటి, కొనువారు అల్లువారిని ఎఱిగి, రంగును కొలతను మాత్రము చెప్పి తక్కినది వారికి విడిచిపెట్టుట, రెండు, ప్రదర్శనలలో పూర్తియైన వస్తువుగా, అల్లినవారి పేరుతో.

ఏ విధముగ అమ్మినను ధర కట్టుటలో పాతలెక్క పనికిరాదు. పువ్వుకింత, గజమునకింత అను లెక్క నమూనా ఉన్న పనికి పుట్టినది. అందు ఆలోచించిన వేళకు కూలి లేదు, ఏలయనగా ఆలోచన వేఱొకచోట ముందే జరిగిపోయినది. ఇందులో తునుకను పఱచి చూచుచు కూర్చుండిన పూటయు, నచ్చక ఒక జానెడు అల్లికను విప్పి దారము మఱల ఉండచుట్టుకొనిన సాయంకాలమును పనిలోనివే. అల్లువారు దారపుసంచిలో ఒక చిన్నపుస్తకమును ఉంచుకొని, అల్లిన గంటలతోపాటు విప్పిన గంటలను కూడ వ్రాసికొని, రెండింటి మొత్తమునకు తమ యూరి దినకూలిని తగిలించి, దానిపై దారపువెలను చేర్చి అడుగవలయును. అట్లు లెక్కించినపుడు వచ్చు మొత్తము చూచి కొనువారు ఉలికిపడుదురు. అంత వెల పెట్టలేనివారికి చిన్నదుప్పటి అల్లియిచ్చుట మేలు గాని, విప్పిన గంటలను కొట్టివేయుట మేలు కాదు.